తాబేలు నెలలు, బోటు నెలలు

(శామీర్‌పేటలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఏడాది ఏ విషయం మీద మాట్లాడతారని నిర్వాహకులు ఫోన్ చేసి అడిగితే సముద్రపు తాబేళ్లు అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తరువాత మర్యాదగా, "శామీర్‌పేటలోనా అండీ?" అన్నారు. న్యాయమైన అనుమానమే. ఇక్కడ పెద్ద చెరువుంది, జింకల పార్కుంది, జీనోమ్ వ్యాలీ ఉంది, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. సముద్రం మాత్రం లేదు. మనకు దగ్గర్లో ఉన్న సముద్రమంటే బాపట్ల పక్కన సూర్యలంక. అదైనా మూడు వందల కిలోమీటర్ల పైమాటే.

ఈ ఉపన్యాసం ఎవరి స్మారకంగా జరుగుతోందో ఆ సారును ఎరిగినవాళ్లకు ఈ అనుమానం రాదు. ఆయన శ్రీకాకుళం తీరపు మనిషి. ఉద్యోగానికని ఇటొచ్చి, మేడ్చల్ చుట్టుపక్కల బడుల్లో జీవశాస్త్రం చెబుతూ ఇక్కడే ఉండిపోయారు. పిల్లల్ని శామీర్‌పేట చెరువు గట్టుకు తీసుకొచ్చి చెరువు తాబేలును చూపించేవారు. అది తల లోపలికి లాక్కుని, వెనక కాళ్ల మీద పొట్ట కింది తోలు రేకుల్ని మూసుకునే తీరు చూపించి, సముద్రంలో దీనికి చుట్టాలున్నాయి, వాటికి ఈ వీలు లేదు అనేవారు. సముద్రపు తాబేలు తలను గానీ కాళ్లను గానీ డిప్పలోకి ముడుచుకోలేదు. ఈదడానికి అనువుగా ఒళ్లు మలుచుకునే క్రమంలో ఆ రక్షణను వదులుకుంది. దాక్కోలేని తాబేలు అన్నమాట.

సారుకు గిట్టని పని ఒకటుండేది. ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే పత్రికల్లో ఒక ఫొటో వస్తుంది. అధికారులో ప్రముఖులో వరసగా నిలబడి పిల్ల తాబేళ్లను ఇసుక మీద వదులుతుంటారు. ఆ ఫొటో చూసినప్పుడల్లా ఆయన ముఖం చిట్లించేవారు. పిల్లల మీద ప్రేమ లేక కాదు. ఆ చిట్లింపు వెనక ఒక లెక్క ఉంది. ఇవాళ నేను చెప్పబోయేది ఆ లెక్క గురించే.

మన తీరానికి ప్రధానంగా వచ్చేది ఆలివ్ రిడ్లీ. ప్రపంచంలో సముద్రపు తాబేళ్లు 7 జాతులు, వాటిలో 5 మన దేశపు నీళ్లలో కనిపిస్తాయి. ఆ అయిదింటిలో ఆలివ్ రిడ్లీ చిన్నది. ఎదిగిన ఆడది 35 నుంచి 45 కిలోలుంటుంది, డిప్ప రెండడుగుల పైచిలుకు. చలికాలం మొదలయ్యేసరికి గుంపులు ఒడ్డుకు దగ్గరగా చేరతాయి. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఆడవి ఇసుక మీదికి ఎక్కుతాయి. ఒడిశాలో గహీర్మాథా, రుషికుల్య నది మొగ దగ్గర లక్షల్లో ఒకేసారి వస్తాయి. మన వైపు అలా కాదు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఉన్న తీరంలో ఇవాళ ఒకటి, రేపు నాలుగు అన్నట్టు విడివిడిగా వస్తాయి. అందుకే అవి మనకు వార్త కావు. చచ్చి కొట్టుకొస్తేనే వార్త.

ఒడ్డెక్కిన తాబేలు పొడి ఇసుక దాకా ఈడ్చుకుంటూ వచ్చి, ముందు కాళ్లతో పైపై ఇసుకను చిమ్మేసి, వెనక కాళ్లతో మూరెడు లోతు గుంట తవ్వుతుంది. ఆ గుంట మూతి సన్నం, అడుగు వెడల్పు. తను చూడకుండానే, వెనక కాళ్లను ఒకదాని తరువాత ఒకటి లోపలికి దించి ఇసుకను చారెడు చారెడు పైకి తీస్తుంది. ఆ పని చూసినవాళ్లు ఇంకో మాట మాట్లాడలేరు. సుమారు 100 నుంచి 120 గుడ్లు పెడుతుంది. ఇసుక కప్పి, మొత్తం ఒంటి బరువుతో అటూ ఇటూ ఊగుతూ డిప్పతో దబదబా బాది గట్టిపరుస్తుంది. కళ్లలోంచి నీళ్లు కారుతుంటాయి. ఏడుస్తోందంటారు చూసినవాళ్లు, అది ఒంట్లోని ఉప్పు బయటికి పోయే దారి. గంటలోపే అంతా ముగించి నీళ్లలోకి వెళ్లిపోతుంది. పిల్లల్ని అది ఎప్పటికీ చూడదు. 45 నుంచి 55 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. ఆడో మగో నిర్ణయించేది ఇసుక వేడి. 29 డిగ్రీల అటూ ఇటూ ఒక గీత ఉంది. అది దాటి వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ, చల్లబడితే మగపిల్లలు ఎక్కువ. ఎండలు ముదిరే కాలంలో ఈ సంగతిని ఒక మూల గుర్తుంచుకోవాలి.

శ్రీకూర్మం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. విష్ణువును కూర్మావతారంలో కొలిచే గుడి శ్రీకాకుళం జిల్లాలో, సముద్రానికి దగ్గర్లోనే ఉంది. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచుతారు. అవి నేల తాబేళ్లు. క్షీరసాగర మథనంలో మందర పర్వతాన్ని మోసిన కూర్మం సముద్రంలో ఉండేదే అయ్యుండాలని సారు సరదాగా వాదించేవారు. అదే తీరంలో రాత్రుళ్లు ఒడ్డెక్కే తాబేలుకు గుడి ఏదీ అని ఆయన ప్రశ్న. ఆ లోటును కొంత మత్స్యకారులే తీర్చారు. వలలో పడ్డ తాబేలును దేవుడని దణ్ణం పెట్టి నీళ్లలోకి వదిలేసే అలవాటు ఉత్తర కోస్తా పల్లెల్లో పెద్దవాళ్లకు ఉండేది.

మన తీరంలో విడివిడిగా వచ్చే తాబేళ్లను ఎందుకు పట్టించుకోవాలి, ఒడిశాలో లక్షలు ఉన్నాయి కదా అని అడిగేవాళ్లున్నారు. ఈ ప్రశ్నకు జవాబు దొరికింది మన హైదరాబాదులోనే. హబ్సిగూడలోని సీసీఎంబీలో రమేశ్ అగర్వాల్, లాల్జీ సింగ్, వాళ్లతో కలిసి కార్తిక్ శంకర్, వన్యప్రాణి సంస్థకు చెందిన బి.సి. చౌదరి ప్రభృతులు తూర్పు తీరపు ఆలివ్ రిడ్లీల డీఎన్‌ఏను పరిశీలించి 2004లో ఫలితాలు ప్రకటించారు. గహీర్మాథా, దేవి, రుషికుల్య, మద్రాసు తీరాల తాబేళ్ల మధ్య చెప్పుకోదగ్గ జన్యు తేడా కనబడలేదు. అంటే ఒడిశా తాబేళ్లు వేరు, మన తాబేళ్లు వేరు అనే మాట నిలబడదు. అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటి తేలింది. ప్రపంచంలోని ఆలివ్ రిడ్లీలన్నింటిలో ఈ తూర్పు తీరపు వంశం పాతది. పసిఫిక్, అట్లాంటిక్ మహాసముద్రాల్లోని మందలు ఇటు నుంచి వెళ్లి స్థిరపడినవై ఉండొచ్చన్నది వాళ్ల అంచనా. కోస్టారికాలో ఒడ్డెక్కే తాబేలుకు మన బంగాళాఖాతం ముత్తాతల ఊరు అన్నమాట.

2021 మార్చిలో గహీర్మాథాలో ఒక ఆడ తాబేలు కాలికి 03233 నంబరు బిళ్ల కట్టారు. 2025 జనవరిలో అదే తాబేలు మహారాష్ట్రలో గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ కనిపించింది. తూర్పు తీరం నుంచి దేశం చుట్టూ తిరిగి పడమటి తీరానికి చేరింది. సుమారు 3,500 కిలోమీటర్లు. ఆ దారిలో మన తీరం ఉంది, తమిళనాడు ఉంది, కేరళ ఉంది. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తన హద్దులో కాపాడితే సరిపోతుందనే వాదన ఆ బిళ్లతోనే పోయింది.

ఇక లెక్కకొద్దాం.

తాబేలు పిల్లల్లో వెయ్యికి ఒకటి పెద్దదవుతుందని సాధారణంగా చెబుతుంటారు. ఆ అంకె అటూ ఇటూ కావచ్చు, కానీ తీరు మాత్రం అదే. గూటి దగ్గర కుక్క, నక్క, పీత, నీళ్లలోకి దిగగానే చేప, పక్షి, ఇలా చాలా పోతాయి. బతికినవి గుడ్డు పెట్టే ఈడుకు రావడానికి పది పదిహేనేళ్లు పడుతుంది. ఆ తరువాత చాలా ఏళ్లపాటు, విడతకు వందకు పైగా గుడ్లు పెడుతూ ఉంటాయి. ప్రకృతి ఈ జంతువుతో చేసుకున్న ఒప్పందం ఇది. పిల్లలు ఎన్ని పోయినా ఫరవాలేదు, పెద్దది మాత్రం పోకూడదు.

1987లో డెబొరా క్రౌస్, లారీ క్రౌడర్, హాల్ కాస్వెల్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు అమెరికా తీరపు లాగర్‌హెడ్ తాబేళ్ల మీద ఒక గణిత నమూనా వేశారు. గుడ్లన్నింటినీ, నూటికి నూరు, కాపాడినా మంద తగ్గుతూనే పోతుందని అందులో తేలింది. అదే పెద్ద తాబేళ్లు, ఎదిగే తాబేళ్లు చచ్చే రేటు కొంచెం తగ్గించగలిగితే మంద నిలబడుతుంది. అప్పటిదాకా కాపాడటమంటే గుడ్లకు కంచె వేయడమే అనుకున్నారు. ఆ నమూనాతో చూపు ఒడ్డు మీది నుంచి సముద్రంలోకి మళ్లింది. సారు చిట్లింపు వెనకున్న లెక్క ఇదే. మనం ఒడ్డున వెయ్యి పిల్లల్ని వదిలి ఫొటో దిగుతుండగా, పది కిలోమీటర్ల లోపల ఒక మరబోటు వలలో గుడ్లు మోస్తున్న ఆడది ఊపిరాడక పోతోంది. ఫొటోలో కనబడేది ఒడ్డు ఒక్కటే.

హేచరీలు వద్దని నేననను. విశాఖ సాగర్‌నగర్‌లో, సూర్యలంకలో, కృష్ణా మొగ పల్లెల్లో అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు నడుపుతున్న హేచరీలు లేకపోతే కుక్కలూ అలల కోతా కలిసి గుడ్లను మిగలనివ్వవు. తెల్లవారుజామున ఇసుక మీద తాబేలు నడిచిన గీతలు పట్టి, గూడు వెతికి, కొన్ని గంటల్లోపే, గుడ్డు తలకిందులు కాకుండా తీసుకెళ్లి అంతే లోతులో పాతిపెట్టే పని తేలిక కాదు. ఆ పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఊళ్లోని యువకులే, చాలీచాలని గౌరవ వేతనంతో. నా అభ్యంతరం వాళ్ల పని మీద కాదు, అక్కడితో పనైపోయిందనుకునే మనమీద. మలేషియాలో రంతావు అబాంగ్ అనే తీరం ఉంది. 1950లలో అక్కడికి ఏటా వేల సంఖ్యలో తోలు డిప్ప తాబేళ్లు వచ్చి గుడ్లు పెట్టేవి. గుడ్లను ఏరి అమ్ముకున్నారు, బయట సముద్రంలో వలలూ చంపాయి. 1961 నుంచే హేచరీ పెట్టారు. అయినా 2000 నాటికి అక్కడ ఆ తాబేలు దాదాపు లేకుండా పోయింది.

మన దగ్గర ఏం జరుగుతోందో చూద్దాం. 2025 జనవరిలో చెన్నై పరిసర తీరాల్లో వెయ్యికి పైగా తాబేళ్ల కళేబరాలు కొట్టుకొచ్చాయి. ఆ రోజుల్లోనే కాకినాడ తీరంలోనూ చచ్చిన తాబేళ్లు కనబడితే అటవీ శాఖను కూడా చూస్తున్న ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ విచారణకు ఆదేశించారు. ఇది కొత్త కాదు. ఒడిశాలో 1990ల చివర్లో ఏటా పది వేలకు పైగా కళేబరాలు లెక్కకొచ్చాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చేవి చచ్చినవాటిలో కొన్నే. చాలావరకు లోపలే మునిగిపోతాయి.

కారణంలో రహస్యమేమీ లేదు. తాబేలు చేప కాదు, గాలి పీల్చాలి. ప్రశాంతంగా ఉంటే చాలాసేపు నీటి కింద ఉండగలదు గానీ వలలో పెనుగులాడే తాబేలుకు ఊపిరి త్వరగా అయిపోతుంది. రొయ్యల కోసం మరబోటు లాగే ట్రాలు వల అడుగు దేక్కుంటూ గంటలకొద్దీ పోతుంది. వల పైకి తీసేసరికి తాబేలు చచ్చి ఉంటుంది, లేదా స్పృహ తప్పి ఉంటుంది. స్పృహ తప్పినదాన్ని చచ్చిందనుకుని తిరిగి నీళ్లలో పడేస్తే అప్పుడు నిజంగానే చస్తుంది. బోటు మీద ఉంచి, నీడలో, వెనక భాగం కాస్త ఎత్తులో పెట్టి తడిపితే చాలా తాబేళ్లు తేరుకుంటాయి. ఈ చిన్న సంగతి ప్రతి సరంగుకూ తెలియాలి.

దీనికి మందు కూడా పాతదే. వల గొట్టంలో ఏటవాలుగా ఒక ఇనుప చట్రం. రొయ్యలు కడ్డీల మధ్య నుంచి వెనక్కు పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పైనో కిందో ఉన్న తలుపులోంచి బయటపడుతుంది. దీన్ని టెడ్ అంటారు. అమెరికాలో జార్జియా రాష్ట్రపు రొయ్యల వేటగాడు సింకీ బూన్ వలలో జెల్లీ చేపలు పడకుండా చేసుకున్న ఏర్పాటులోంచి ఇది పుట్టింది. మన దేశంలో కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు తగ్గట్టు ఒకటి రూపొందించింది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల సంస్థ ఆంధ్ర, ఒడిశాల్లో వాటిని ఉచితంగా పంచింది కూడా. పంచినవి చాలా బోట్లలో మూలన పడి ఉన్నాయి. తలుపులోంచి తాబేలుతో పాటు పెద్ద చేప కూడా పోతుందని బోటు వాళ్ల బాధ. రొయ్యలు మరీ ఎక్కువ పోవని పరీక్షలు చెబుతున్నాయి, కానీ డీజిలు అప్పు నెత్తిమీదుండగా వెళ్లినవాడికి ఒక్క పెద్ద చేప పోయినా కళ్లముందే పోయినట్టు. ఆ బాధను కొట్టిపారేసి రాసే చట్టం బోటులోకి ఎక్కదు.

చట్టం లేదని కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఈ తాబేలుంది. పులికి ఎంత రక్షణో దీనికీ అంతే. ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం 1994లో వచ్చింది. దాని కింద ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదు, ఆ పట్టీ తెప్పలకూ చిన్న పడవలకూ విడిచిపెట్టారు. తాబేళ్లు గుంపులుగా ఉండేది కూడా చాలావరకు ఈ దగ్గరి నీళ్లలోనే. కొత్త చట్టం ఒక్కటీ చేయకుండా ఈ 8 కిలోమీటర్లను జనవరి నుంచి మార్చి దాకా నిజంగా అమలు చేస్తే తాబేళ్లూ మిగులుతాయి, తెప్ప మీద వెళ్లే పేద మత్స్యకారుడికి చేపా మిగులుతుంది. ఈ రెండూ ఒకే పోరాటమని గుర్తించడానికి మనకు ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో నాకర్థం కాదు.

మన దగ్గర ఏటా ఒక వేట నిషేధం ఉంది. తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు కదలకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని దాన్ని పెట్టారు. బాగుంది. తాబేలు మాత్రం ఆ క్యాలెండరు చూసి రాదు. చలికాలంలో వచ్చి, జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టి, ఏప్రిల్ సగమయ్యేసరికి చాలావరకు వెళ్లిపోతుంది. మరబోట్లు ఆగే నెలల్లో తాబేళ్లు లేవు. తాబేళ్లు ఉండే నెలల్లో మరబోట్లు ఆగవు. ఒడిశా ఈ ముడిని విప్పుకుంది. అక్కడ నవంబరు 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవి, రుషికుల్య మొగల దగ్గర 20 కిలోమీటర్ల వరకు వేట నిషేధం. 1997లో గహీర్మాథాను సముద్ర అభయారణ్యం చేశారు. కోస్ట్ గార్డు 1980ల నుంచి గస్తీ కాస్తోంది. అమలులో లోపాలున్నాయి, మత్స్యకారుల నష్టం మీద గొడవలూ ఉన్నాయి. అయినా 2025 ఫిబ్రవరిలో రుషికుల్యలో దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి.

ఈ సభలో నల్సార్ విద్యార్థులు కనబడుతున్నారు కాబట్టి ఒక కేసు చెబుతాను. బహుశా మీరు చదివే ఉంటారు, అయినా తాబేలు వైపు నుంచి మరోసారి చూడండి. 1989లో అమెరికా ఒక చట్టం చేసింది. టెడ్ లేకుండా పట్టిన సముద్రపు రొయ్యను తమ దేశంలోకి రానివ్వం అన్నది దాని సారం. 1996లో భారత్, మలేషియా, పాకిస్థాన్, థాయిలాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. ఇది పర్యావరణం ముసుగులో వాణిజ్యాన్ని అడ్డుకోవడమే అన్నాయి. 1998 అక్టోబరు 12న అప్పీలు తీర్పు వచ్చింది. మీ విశ్వవిద్యాలయం పుట్టింది కూడా అదే ఏడాది.

తీర్పులో రెండు ముక్కలున్నాయి. మన దేశంలో అందరూ మొదటిదే గుర్తుంచుకున్నారు: అమెరికా ఓడింది. ఎందుకు ఓడింది? అట్లాంటిక్ పక్కనున్న కరీబియన్ దేశాలకు టెడ్ అలవాటు చేసుకోవడానికి 3 ఏళ్లు గడువిచ్చింది, మనకు 4 నెలలే ఇచ్చింది. వాళ్లతో కూర్చుని మాట్లాడింది, మనతో మాట్లాడలేదు. టెడ్ కట్టుకుని పట్టిన రొయ్య అయినా సరే, దేశానికి సర్టిఫికెట్ లేకపోతే వెనక్కు పంపింది. ఇది వివక్ష అని తేల్చారు. రెండో ముక్క ఎవరికీ పట్టలేదు. తాబేలు తరిగిపోయే సహజ వనరు, దాన్ని కాపాడటానికి వాణిజ్యాన్ని అడ్డుకునే హక్కు సూత్రంగా ఉంది అని అదే తీర్పు చెప్పింది. అమెరికా పద్ధతి మార్చుకుంది. మలేషియా మళ్లీ అడిగితే 2001లో ఓడిపోయింది. అంటే మనం గెలిచినట్టనుకున్న కేసులో నిజానికి తాబేలే గెలిచింది. ఆ గెలుపును మనం వాడుకోలేదు. 2019 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్యను కొనడం ఆపేసింది, మన బోట్లలో టెడ్‌లు సరిగ్గా లేవని.

దెబ్బ ఎవరికి తగిలిందన్నదే విచిత్రం. భీమవరం చెరువులో పెంచిన వనామీ రొయ్యకు ఆ నిషేధం వర్తించదు. మన రాష్ట్రాల నుంచి అమెరికా పోయేది చాలావరకు ఆ చెరువు రొయ్యే. కాబట్టి పెద్ద ఎగుమతిదారుకు నిద్ర చెడలేదు. విశాఖ, కాకినాడ రేవుల్లో సముద్రపు రొయ్య పట్టే బోటు మీద పనిచేసే కలాసీకి ధర తగ్గింది. టెడ్ పెట్టుకుంటే మార్కెట్ తెరుచుకుంటుందని ఆ కలాసీకి చెప్పే నాథుడు లేడు. రొయ్యలు తినే మనం, మేడ్చల్ సంతలోనైనా శామీర్‌పేట రోడ్డు పక్క హోటల్లోనైనా, ఆ రొయ్య టెడ్ ఉన్న వలతో పట్టిందేనా అని అడగం. అడగాలంటే కూడా, ఏ రొయ్య ఎక్కడిదో చెప్పే చీటీ మన దగ్గర లేదు.

ఒడ్డు సంగతి వేగంగా చెబుతాను. తాబేలుకు కావలసింది చదునైన, చీకటి ఇసుక. 1977 దివిసీమ ఉప్పెన తరువాత గాలిని ఆపడానికని తీరం పొడవునా సరుగుడు తోటలు పెంచారు. వాటి వెనక ఉద్దేశం మనుషుల్ని కాపాడటం. కొన్నిచోట్ల ఆ తోటలు అల తాకే గీత దాకా వచ్చేసి గుడ్లు పెట్టే ఇసుకను తినేశాయి. దానికి తోడు రేవులు, రాళ్ల గోడలు, ఒడ్డు కోత. తీర నియంత్రణ మండలి 2019 నోటిఫికేషన్ తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లను అత్యంత సున్నితమైన తరగతిలో చేర్చింది. ఆ చోట్లు ఎక్కడున్నాయో పటంలో గీయడం మొదలుపెడితేనే ఆ రక్షణకు అర్థం.

వెలుతురు సంగతి మాత్రం నేరుగా మనదే. పిల్ల తాబేలు గూట్లోంచి రాగానే ఎటు వెలుగ్గా ఉంటే అటు పాకుతుంది. వేల ఏళ్లుగా ఆ వెలుగు సముద్రం మీది ఆకాశం. ఇప్పుడు రిసార్టు లైట్లు. శుక్రవారం రాత్రి మేడ్చల్ నుంచి కార్లలో బయలుదేరి సూర్యలంక చేరే కుర్రాళ్లకు తెలియక చేసే పని ఒకటుంది: ఫోన్ టార్చిలతో ఇసుక మీద తిరగడం, చలిమంట వేయడం, మోటారు బండ్లు నడపడం. ఒడ్డెక్కబోయే తాబేలు ఆ వెలుగుకు బెదిరి వెనక్కు తిరుగుతుంది. గూడు మీదుగా బండి పోతే కింద గుడ్లు నలుగుతాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిపూట ఆ ఇసుక మీదికి వెళ్లకపోవడం కన్నా చిన్న త్యాగం ఏముంటుంది?

మన చెత్త కూడా అటే పోతుంది. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు మన జిల్లాలోనే ఉంది, దాని వాసనను మీకు పరిచయం చేయనక్కర్లేదు. నగరపు చెత్తలో అక్కడికి చేరనిది నాలాల్లోంచి మూసీలో పడుతుంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది, ఆ చుట్టుపక్కల ఇసుకలోనే తాబేళ్లు గుడ్లు పెడతాయి. మధ్యలో పులిచింతల, ప్రకాశం బ్యారేజీ ఉన్నాయి, నిజమే. వరదకు గేట్లు ఎత్తకుండా ఉంటారా?

ఇప్పుడు ఎవరు కాపాడుతున్నారో చెబుతాను. రుషికుల్య మొగ గంజాం జిల్లాలో ఉంది. 1994లో బివాష్ పాండవ్ అక్కడ సామూహికంగా గుడ్లు పెట్టడాన్ని శాస్త్రలోకానికి తెలియజేసేదాకా దాని పేరు బయట ఎవరికీ తెలియదు. పురుణాబంధ, గోఖర్‌కుదా వంటి ఆ తీరపు పల్లెల్లో మత్స్యకార కుటుంబాలవాళ్లు చాలామంది ఇళ్లలో తెలుగు మాట్లాడతారు. మన వాళ్లే, ఏనాడో తీరం వెంబడి పైకి వెళ్లినవాళ్లు. ఊళ్లోని యువకులు కమిటీగా ఏర్పడి గూళ్లకు వలల కంచె కట్టారు, రాత్రుళ్లు కాపలా కాశారు, పిల్లలు దారి తప్పి వీధి దీపాల వైపు పోతుంటే బుట్టల్లో ఏరి నీళ్లలో వదిలారు. అటవీ శాఖ తరువాత వచ్చి చేరింది.

కాపలాకు జీతం కూడా కావాలి. కోస్టారికాలో ఒస్తియోనాల్ అనే ఊళ్లో, సామూహికంగా గుడ్లు పెట్టే మొదటి రోజున్నరలో, ఎలాగూ తరువాత వచ్చే తాబేళ్లు తవ్వి పాడుచేసే గుడ్లను ఊరివాళ్లు ఏరి అమ్ముకోవచ్చని 1987 నుంచి చట్టబద్ధంగా అనుమతి ఉంది. బదులుగా వాళ్లు తీరాన్ని శుభ్రం చేస్తారు, దొంగల్ని అడ్డుకుంటారు. మనకు ఆ పద్ధతి సరిపడదు, విడివిడిగా వచ్చేచోట ప్రతి గూడూ విలువైనదే. కానీ ఒస్తియోనాల్ నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. తాబేలు బతికితే ఊరికి ఏదో ఒకటి దక్కాలి. మెక్సికోలో కెంప్స్ రిడ్లీ కథ కూడా ఇదే చెబుతుంది. 1947లో తీసిన ఒక సినిమా రీలులో ఒకే రోజు 40 వేల ఆడ తాబేళ్లు ఒడ్డెక్కాయని అంచనా. 1985 నాటికి ఏడాదంతా కలిపి 702 గూళ్లకు పడిపోయింది. తీరంలో సైన్యం కాపలా, బోట్లలో టెడ్, రెండూ కలిశాకే అది తిరిగి వేలకు పెరిగింది. 2025లో పచ్చ తాబేలును అంతరించే ప్రమాదమున్న జాబితా నుంచి తీసేశారు. చేస్తే జరుగుతుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏప్రిల్, జూన్ మధ్య నిషేధ కాలానికి అర్హులైన ఒక్కో మత్స్యకార కుటుంబానికి 2025 నుంచి 20,000 రూపాయలు ఇస్తోంది. ఆ పద్ధతి నడుస్తోంది, లబ్ధిదారుల జాబితా ఉంది, బ్యాంకు ఖాతాలున్నాయి. తాబేళ్లు ఎక్కువగా చేరే నాలుగైదు చోట్ల, ఉదాహరణకు కృష్ణా, గోదావరి మొగల దగ్గర, శ్రీకాకుళం తీరంలో, జనవరి నుంచి మార్చి దాకా ఒడ్డు దగ్గరి పట్టీలో మరబోటు వేట ఆపించి, ఆ పట్టీలో నష్టపోయే కలాసీలకు ఇదే దారిలో పరిహారం ఇవ్వొచ్చు. తీరమంతా ఆపమని నేననడం లేదు. అలా అంటే ఎవరూ వినరు, వినకూడదు కూడా.

నల్సార్ పిల్లలూ, మీకు ఒక పని. మరబోట్ల మీద ఇప్పుడు ఇస్రో తయారు చేసిన ట్రాన్స్‌పాండర్లు బిగిస్తున్నారు. ఏ బోటు ఏ గంటకు ఎక్కడుందో రికార్డవుతుంది. జనవరి నుంచి మార్చి దాకా 8 కిలోమీటర్ల గీత లోపలికి ఎన్ని బోట్లు వచ్చాయి, ఎన్నింటి మీద చర్య తీసుకున్నారు, ఎన్ని బోట్లలో టెడ్ ఉందో తనిఖీ చేశారు అని సమాచార హక్కు చట్టం కింద మత్స్య శాఖను అడగండి. అడిగినదానికి నెల రోజుల్లో జవాబివ్వాలని చట్టం. ఇవ్వకపోతే అప్పీలు ఎలా చేయాలో మీకు నేను చెప్పక్కర్లేదు. దరఖాస్తులు నవంబరులోనే పడాలి, డిసెంబరు వచ్చేసరికి గుంపులు ఒడ్డు దగ్గరికి వచ్చేస్తాయి.

ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి. వెనక వరుసలో ఉన్నవాళ్లకు మైకు ఇవ్వండయ్యా.